మా ఊరి ఎర్రబస్సు బొమ్మ చేయాలి, ఉన్నది ఒక్కటే ఫోటో. కొలతలు ఎలా?

కిటికీసీటు:

అందరికీ నమస్కారం. చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. నాది రాజోలు దగ్గర ఊరు, ఉద్యోగం హైదరాబాద్. బస్సుల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది. సెలవు దొరికితే ఏదో ఒక కొత్త రూట్లో ఎక్కి చివరి స్టాపు దాకా వెళ్లి రావడం, ఫోన్లో వీడియో తీసుకోవడం, ఇంటికొచ్చాక అట్టతోనో ఫోమ్‌తోనో ఆ బస్సు బొమ్మ చేయడం, ఇదే నా లోకం. మా ఆవిడ అయితే చుట్టాలు వచ్చినప్పుడల్లా "మా ఆయన ఎర్రబస్సు ఎక్కి రావడమే కాదు, ఇంటికి కూడా తెచ్చుకుంటాడు" అని నవ్విస్తుంది.

అసలు విషయానికి వస్తాను. మా ఊరికి ఒక నైట్‌హాల్ట్ బస్సు ఉండేది. రాత్రి తొమ్మిదికి వచ్చి రామాలయం ముందు ఆగేది. డ్రైవరు గారు, కండక్టరు గారు అరుగు మీద పడుకుని, తెల్లారి ఐదింటికి మళ్లీ తీసేవారు. ఆ స్టార్టు చేసిన చప్పుడే మా వీధికి అలారం. 1996లో మా అక్క పెళ్లి అన్నవరంలో చేశారు, పెళ్లి స్పెషల్ కావాలని డిపోలో అడిగితే మా అదృష్టం కొద్దీ ఆ బస్సునే ఇచ్చారు, డ్రైవరు గారు కూడా ఆయనే. ఇప్పుడు నేను చేయాలనుకుంటున్నది ఆ బస్సునే, అది కూడా అక్క ముప్పయ్యో పెళ్లిరోజుకి.

చిక్కేమిటంటే ఆ బస్సుది ఉన్నది ఒక్క ఫోటో. అందులోనూ ముందు భాగమంతా అరటి పిలకలు, మామిడాకులు కట్టేశారు, నంబరులో జెడ్ అక్షరం ఒక్కటే కనబడుతోంది. బస్సు ఓరగా ఉంది, డ్రైవరు వైపు మాత్రమే పడింది, దాన్ని ఆనుకుని మా పెదనాన్న నిలబడ్డారు. ఎడమ వైపు ఎలా ఉండేదో, తలుపు ముందు చక్రానికి ముందుండేదో వెనకుండేదో ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. రోజూ ఎక్కిన బస్సు తలుపు గుర్తులేకపోవడం ఏమిటో నాకే అర్థం కావట్లేదు.

అడగాలనుకున్నవి మూడు. ఒక్క ఫోటో నుంచి కొలతలు తీయడం కుదురుతుందా? ఏ సామానుతో చేస్తే మంచిది (పోయినసారి థర్మాకోల్‌తో చేసి స్ప్రే పెయింట్ కొడితే బస్సు కాస్తా జల్లెడ అయిపోయింది)? మూడోది వీడియో సంగతి. నా వీడియోలు ఊగిపోతున్నాయి, ఎల్‌ఈడీ బోర్డులు గీతలు గీతలుగా వస్తున్నాయి, పైగా మొన్న ఒక బస్టాండులో సెక్యూరిటీ అతను ఫోన్ లాక్కున్నంత పని చేశాడు. అసలు తీయవచ్చా, తీయకూడదా?

సరదాగా:

అన్నా, ఇంత టెన్షన్ ఎందుకు, షాపులో ప్లాస్టిక్ బస్సు కొని ఎర్ర రంగు వేసి ఇచ్చేయ్. అక్కకి తేడా తెలుస్తుందా?

స్కేలు_32:

పైన రాసిన తమ్ముడికి: అక్కకి తెలుస్తుంది. ఆ బస్సులో కాలేజీకి వెళ్లిన మనిషికి కిటికీకి ఎన్ని ఊచలున్నాయో కూడా తెలుస్తుంది.

కిటికీసీటు గారూ, ఒక్క ఫోటో చాలు, కాకపోతే ఓపిక కావాలి. ఫోటోలో మీకు ముందే కొలత తెలిసిన వస్తువు ఒకటి దొరకాలి, బస్సు ఫోటోలో అది టైరు. ఆ రోజుల్లో పెద్ద బస్సులకు 10.00-20 సైజు టైర్లు ఉండేవి, ఎత్తు సుమారు 105 సెంటీమీటర్లు. ఫోటోని పెద్దగా ప్రింట్ తీయించి టైరు నిలువు కొలవండి. ఆ లెక్కన టైరు దగ్గర బాడీ ఎత్తు, కిటికీ ఎత్తు, బంపరు ఎత్తు అన్నీ వచ్చేస్తాయి. మీ పెదనాన్న గారు ఎంత పొడుగో తెలిస్తే సరిచూసుకోవడానికి ఆయన పనికొస్తారు, అయితే ఆయన బస్సుని ఆనుకునే ఉండాలి, రెండడుగులు ముందుకొచ్చినా లెక్క తప్పుతుంది.

పొడవు దగ్గరే అందరూ దెబ్బతింటారు. బస్సు ఓరగా ఉంటే పొడవు కుంచించుకుపోయి కనబడుతుంది. దానికీ టైరే దిక్కు. గుండ్రంగా ఉండాల్సిన టైరు ఫోటోలో కోడిగుడ్డులా కనబడుతుంది కదా, దాని అడ్డం కొలతని నిలువు కొలతతో భాగించండి. 0.7 వచ్చిందనుకోండి, ఆ చుట్టుపక్కల పొడవులన్నీ 0.7 వంతుకి తగ్గాయని అర్థం. ముందు టైరుకి విడిగా, వెనక టైరుకి విడిగా చేయండి, ఎందుకంటే దూరంగా ఉన్న భాగం ఇంకా చిన్నగా పడుతుంది. నేను మొదటి బస్సుకి ఇది తెలియక ముందు టైరు లెక్కే మొత్తానికి వాడేశాను, వెనక రెండు కిటికీలు అగ్గిపెట్టెల్లా వచ్చాయి. అది ఇప్పుడు మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టులో బస్‌షెల్టర్ కింద మారిపోయింది.

1:32లో, అంటే అసలు బస్సులో 32వ వంతు సైజులో చేయండి. 11 మీటర్ల బస్సు 34 సెంటీమీటర్లు వస్తుంది, అరలో పడుతుంది, లోపల సీట్లు కూడా చేతికి ఆనతాయి. టైరు 3.3 సెంటీమీటర్లు, అయిదడుగుల ఆరంగుళాల మనిషి అయిదు సెంటీమీటర్ల పైచిలుకు. 1:24 అయితే చూడ్డానికి బాగుంటుంది కానీ అదే బస్సు 46 సెంటీమీటర్లు అయ్యి టీవీ పక్కన చోటు కోసం ఇంట్లో గొడవ మొదలవుతుంది (అనుభవం).

సామాను: ఫ్లెక్సీ షాపుల్లో సన్‌బోర్డు అని అమ్ముతారు, పీవీసీ ఫోమ్ షీటు, 3 మిల్లీమీటర్లది బాడీకి సరిపోతుంది. ముక్కలు ఉచితంగా కూడా ఇస్తారు. స్ప్రే కొట్టినా థర్మాకోల్‌లా కరిగిపోదు. అద్దాలకి ఓహెచ్‌పీ షీటు (పారదర్శకంగా ఉండే పల్చటి ప్లాస్టిక్ షీటు) వాడండి, కానీ దాని దగ్గరికి ఫెవిక్విక్ రానివ్వొద్దు, ఆవిరికి అద్దం తెల్లగా పొగపట్టినట్టు అవుతుంది, ఇక తుడిచినా పోదు. అక్కడ రెండు వైపులా అంటుకునే టేపు పెట్టండి. కిటికీ ఊచలకి నేను వైరు, ఫిషింగ్ దారం, అన్నీ వాడి చూశాను. చివరికి చీపురు ఈనెపుల్లలే నిటారుగా నిలబడ్డాయి. రివెట్ల (రేకుని బిగించే గుండు మేకుల) కోసం సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో అల్యూమినియం ఫాయిల్ వెనక నుంచి చుక్కలు చుక్కలుగా నొక్కండి, ముందు వైపు బుడిపెలు వస్తాయి, రంగు పడ్డాక అచ్చం రివెట్లే. రంగు మాత్రం డబ్బాలోంచి తీసినట్టే వేయకండి. పీ.ఓ. రెడ్ (పోస్టాఫీసు ఎరుపు) ఎనామిల్‌లో చిటికెడు గోధుమరంగు కలిపితే ఎండకి వెలిసిన ఎర్రబస్సు రంగు వస్తుంది. కొత్త ఎరుపు వేస్తే ఫైరింజన్ అనుకుంటారు.

పాతరివెట్టు:

నేను బాడీ షాపులో ముప్పై రెండేళ్లు చేసి రిటైర్ అయినవాణ్ణి. పిల్లలు ఇలాంటివి చేస్తున్నారని మా మనవడు చూపిస్తే చేరాను. పైన చెప్పిన టైరు లెక్క బాగుంది, మేము కూడా యాక్సిడెంట్ బస్సు ఫోటోలు చూసి ఇంచుమించు అలాగే అంచనా వేసేవాళ్లం.

నాలుగు మాటలు చెబుతాను బాబూ. బస్సు అంటే కంపెనీ నుంచి తయారై వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. మా దగ్గరికి వచ్చేది చాసిస్, అంటే ఇంజన్, చక్రాలు, స్టీరింగు, ఒక సీటు. పైన కప్పు లేదు, ముందు అద్దం లేదు. కళ్లజోడు పెట్టుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని వందల కిలోమీటర్లు దాన్ని అలాగే తోలుకొచ్చేవాళ్లు. దాని మీద ఫ్రేము కట్టి, షీటు కొట్టి, రివెట్లు వేసి బస్సుని చేసేది మేము. అందుకే ఒకే ఏడాదిలో వచ్చిన రెండు బస్సులు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. ఒక వర్క్‌షాపు వాళ్లు కిటికీ మూల గుండ్రంగా తిప్పేవాళ్లు, ఇంకొకరు నిటారుగా వదిలేవాళ్లు. కాబట్టి ఇంకో బస్సు చూసి దీనికి వేసేయొద్దు.

ముందు అది లేలాండా టాటానా తేల్చుకో. ముందు భాగం ఆకులతో మూసుకుపోయినా ఫర్వాలేదు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, అదే వీల్‌బేస్, చూడు. లేలాండ్ వాళ్ల వైకింగ్ అనే బస్సు చాసిస్‌లో 222 అంగుళాల వీల్‌బేస్‌ది మా చేతుల మీదుగా చాలా పోయింది, అంటే 564 సెంటీమీటర్లు, నీ 1:32 బొమ్మలో పదిహేడున్నర పైన. నీ లెక్క దానికి దగ్గరగా వస్తే వైకింగ్ అనుకోవచ్చు. బాగా తక్కువ వస్తే వేరే ఏదో. తర్వాత డ్రైవరు వైపు కిటికీలు లెక్కపెట్టు. కిటికీకి కిటికీకి మధ్య ఉండే పిల్లరే బస్సుకి వెన్నెముక, అది ఒక వైపు ఎక్కడుంటుందో రెండో వైపు కూడా దానికి ఎదురుగానే ఉంటుంది, ఎందుకంటే రెండింటినీ కలిపి పైన కప్పు కమాను వస్తుంది. అంటే నీకు తెలియని ఎడమ వైపు సగం పని అయిపోయినట్టే. తలుపు ఒక్కటే మిగులుతుంది.

మీ ఊరు దాటి వెళ్లి పాత బస్సు బాడీ ఏదైనా ఉందేమో వెతుకు. మా కాలం బాడీలు ఇప్పుడు డిపోల్లో దొరకవు. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ బండ్లకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, ఆర్టీసీ బస్సులూ అందులోకే వస్తాయి, అన్నీ వేలంలో తుక్కుకి పోయాయి. కానీ అంతకుముందే కొన్నవాళ్లు కొందరు బాడీని పొలం దగ్గర గదిలానో, రోడ్డు పక్కన టిఫిన్ బండిలానో పెట్టుకున్నారు. అలాంటిది కనబడితే టేపు తీసుకెళ్లి ముందు ఒక ఇడ్లీ తిని, తర్వాత అడుగు. కాదనరు.

ఆర్టీసీ బస్సు నంబర్లలో ఉండే జెడ్ సంగతి. నిజాం గారి అమ్మ జహ్రా బేగం పేరు మీద ఆ అక్షరం పెట్టారని మా సీనియర్లు చెప్పేవాళ్లు. చేరిన రోజు నుంచి రిటైరయ్యే రోజు దాకా విన్నాను, కాగితం మీద మాత్రం ఎప్పుడూ చూడలేదు.

గేరుమోత:

వీడియో ప్రశ్న నాకు వదిలేయండి. నేను బస్సు వీడియోలు తీయడం మొదలుపెట్టి ఏడేళ్లు, మొదటి రెండేళ్లవి మళ్లీ చూడాలంటే నాకే వాంతి వస్తుంది.

ఊగడానికి కారణం రోడ్డు కాదు, మీ మోచెయ్యి. కిటికీ అంచు మీదో ముందు సీటు రాడ్డు మీదో చెయ్యి ఆనించి తీస్తున్నారు కదా, బాడీ వణుకంతా నేరుగా ఫోన్లోకి వెళ్తుంది. బస్సు ఆగి ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు ఇంకా దారుణం, దృశ్యం మొత్తం జెల్లీలా వణుకుతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. చేతులు గాల్లో వదులుగా, మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టి తీయండి, మీ ఒళ్లే స్ప్రింగులా పనిచేస్తుంది. అద్దంలోంచి తీస్తుంటే లెన్సు చుట్టూ నల్ల గుడ్డ పెట్టండి, మీ చొక్కా నీడ పడదు.

ఎల్‌ఈడీ బోర్డు గీతలకి మందు సులువు. ఆ లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి, కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. ఫోన్లో మాన్యువల్ మోడ్ పెట్టి షట్టర్ 1/50కి (సెకనులో యాభయ్యో వంతుకి) దించండి. చాలా బోర్డులకి గీతలు పోతాయి. ఎండలో మరీ తెల్లబడితే చీకటి పడ్డాక తీయండి, బోర్డులు అప్పుడే కదా అందం.

పర్మిషన్ గురించి నేను పాటించేది చెబుతాను. బస్టాండులో కెమెరా పైకెత్తకముందే స్టేషన్ మేనేజర్ గదికి వెళ్లి నమస్కారం పెట్టి, బస్సుల మీద ఇష్టంతో తీసుకుంటున్నానని చెబుతాను. పదిమందిలో ఏడుగురు సరే అన్నారు, ఇద్దరు టీ ఇప్పించారు, ఒకాయన వద్దన్నారు, వద్దంటే వచ్చేశాను. సెక్యూరిటీ వాళ్లతో వాదించి గెలిచినవాణ్ణి నేనింకా చూడలేదు. కండక్టరు డబ్బులు లెక్కపెట్టేటప్పుడు, డ్రైవరు నడుపుతుండగా ఆయన మొహం దగ్గరగా, ఈ రెండూ ఎట్టి పరిస్థితుల్లో తీయను. ఇంకోటి, తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చాక పల్లెవెలుగులు నిండుగా వెళ్తున్నాయి, సంతోషమే, కానీ ఇప్పుడు బస్సు లోపల కెమెరా తిప్పడం మర్యాద కాదు. నేను లోపలి షాట్లు మానేశాను. బయటి నుంచి తీస్తాను, లోపల శబ్దం మాత్రమే రికార్డు చేస్తాను.

అదే అసలు చెప్పాలనుకున్నది. శబ్దం. తిరుమల కొండకి 2022 నుంచి కరెంటు బస్సులు వచ్చాయి. హాయిగా ఉన్నాయి, పొగ లేదు, కానీ మలుపు దగ్గర సెకండ్ గేరులోకి దించినప్పుడు వచ్చే ఆ మూలుగు వాటిలో లేదు. పాత వీడియోల కోసం నా డ్రైవ్ తిరగేస్తే దృశ్యం బాగున్నవి వందలున్నాయి, గాలి హోరు లేకుండా శబ్దం బాగున్నవి పదకొండు. డీజిల్ బస్సులు ఇంకా తిరుగుతున్నప్పుడే వెళ్లి రికార్డు చేసుకోండి. మీకు దగ్గరలో అయితే రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్లే బస్సు ఎక్కండి, రంపచోడవరం దాటి మారేడుమిల్లి తర్వాత చింతూరు దాకా ఘాట్. ఇంజన్ దగ్గరి సీటు కాదు, మధ్యలో కూర్చోండి. ఫోన్ మైకుకి చిన్న స్పాంజి ముక్క రబ్బరు బ్యాండుతో కట్టండి. శ్రీశైలం రూటు కూడా బాగుంటుంది, కానీ మన్ననూరు దగ్గర అడవి గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, టైము చూసుకోండి.

మిడ్‌లాండ్స్_మావయ్య:

ఇంగ్లండ్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఈ హాబీకి ఎవరూ నవ్వరు, డెబ్బై ఏళ్ల పెద్దవాళ్లు ఫ్లాస్కులో టీ పోసుకుని వచ్చి వానలో నిలబడి బస్సు నంబర్లు రాసుకుంటారు. బొమ్మలు ఎక్కువగా 1:76లో దొరుకుతాయి, బొమ్మ రైళ్ల స్కేలుతో కలుస్తుందని. 11 మీటర్ల బస్సు పద్నాలుగున్నర సెంటీమీటర్లే. వాళ్ల ఏ ఊరి బస్సు అయినా రంగుతో, రూటు నంబరుతో సహా అమ్ముతారు. మన ఎర్రబస్సు కావాలంటే మాత్రం స్కేలు_32 గారి ఈనెపుల్లలే గతి.

నేను సికింద్రాబాద్ నుంచి జూపార్కుకి 7జెడ్ డబుల్ డెక్కర్‌లో పై అంతస్తు ముందు సీటు కోసం చొక్కా చింపుకున్న బ్యాచ్. 2023లో హైదరాబాద్‌లో కరెంటు డబుల్ డెక్కర్లు వచ్చాయంటే ఫోటో చూసి సంబరపడ్డాను. మన చరిత్ర కూడా తక్కువది కాదు, 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టారు. అప్పటి ఆల్బియన్ బస్సు, స్కాట్లండ్‌లో తయారైంది, హైదరాబాద్‌లో ఆర్టీసీ ప్రధాన ఆఫీసు బస్‌భవన్‌లో పెట్టారు. ఈసారి వచ్చినప్పుడు నేను చూడాల్సిన జాబితాలో చార్మినార్ కంటే అదే ముందుంది, ఇంట్లో వాళ్లకి ఇంకా చెప్పలేదు.

కిటికీసీటు గారూ, ఒక మాట. పెళ్లి 1996 అన్నారు. వీడియో తీయించలేదా?

కిటికీసీటు:

మావయ్య గారూ, మీకు దండం. ఆ ఒక్క ప్రశ్న నాకు తట్టలేదు చూడండి.

ఆదివారం అక్కకి ఫోన్ చేశాను, ఎందుకో చెప్పకుండా పెళ్లి క్యాసెట్ ఉందా అన్నాను. బీరువా పైన అట్టపెట్టెలో ఉందంది, కొంచెం బూజు పట్టింది. కాకినాడలో పాత క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఆయన ఒకరు దొరికారు, శుభ్రం చేసి నాలుగు రోజుల్లో ఇచ్చారు. మూడు గంటల వీడియోలో మొదటి గంటన్నర అంతా వంటవాళ్లు, తాంబూలాలు. తర్వాత, తెల్లవారుజామున మసక వెలుతురులో, మా రామాలయం ముందు నుంచి బస్సు తిరుగుతుంది. నలభై సెకన్లు. వీడియో ఆయన అరుగు మీద ఎక్కి తీశాడు కాబట్టి ఎడమ వైపు మొత్తం పడింది.

తలుపు ముందు చక్రానికి వెనకే ఉంది. నాన్న చెప్పిందే కరెక్ట్, ఆయనకి ఇంకా చెప్పలేదు, చెబితే నెలరోజులు వినాల్సి వస్తుంది. డ్రైవరు వైపు కిటికీలు లెక్కపెట్టి రివెట్టు గారు చెప్పినట్టు పిల్లర్లు గీస్తే ఎడమ వైపు అచ్చు దానికి ఎదురుగానే కూర్చున్నాయి. వీల్‌బేస్ నా లెక్కలో 17.3 వచ్చింది, మూడు మిల్లీమీటర్ల తేడా నా చేతిదే అనుకుని వైకింగ్ కింద ఖాయం చేశాను. వెనక నిచ్చెన పక్కన ఒక షీటు మాత్రం రంగు తేడాగా ఉంది, ఎప్పుడో అతుకు వేసినట్టుంది. అది కూడా బొమ్మలో పెడతాను.

బాధ ఒక్కటే. వీడియో ఆయన ఆ నలభై సెకన్ల మీద సినిమా పాట వేసేశాడు. బస్సు కదులుతుంది, అద్దాలు అదురుతున్నట్టు కనబడతాయి, డ్రైవరు గారు హారన్ మీద చెయ్యి వేయడం కూడా కనబడుతుంది, చప్పుడు లేదు.

పాతరివెట్టు:

వైకింగే అయితే కంగారు పడకు బాబూ. ఇంజన్ మోత అంత తొందరగా మారేది కాదు. మారేడుమిల్లి బస్సు ఎక్కేముందు లేలాండా కాదా చూసుకుని ఎక్కు. టాటా ఎక్కి రికార్డు చేసుకొచ్చి అదే అంటే మీ అక్క ఒప్పుకున్నా నేను ఒప్పుకోను.

గేరుమోత:

వచ్చే రెండో శనివారం నేను ఎలాగూ ఆ రూటుకే వెళ్తున్నాను, రాజమండ్రి బస్టాండులో పొద్దున్నే కలుద్దాం. స్పాంజి ముక్క నేను తెస్తాను.

కిటికీసీటు:

వస్తాను అన్నా. ఇంట్లో అన్నవరం దర్శనం అని చెప్పాను, తిరుగు ప్రయాణంలో నిజంగానే ఎక్కి రావాలి, లేకపోతే ప్రసాదం ఏదంటారు.